వీధి జంతువుల సంతాన నియంత్రణ: విదేశీ స్వచ్ఛంద కార్యక్రమాలు నేర్పే పాఠాలు

ఉపోద్ఘాతం

సస్యశాస్త్రం బోధించే వ్యక్తి వీధి పిల్లుల గురించీ, కుక్కల గురించీ వ్యాసం రాయడం పాఠకులకు కొంత వింతగా తోచవచ్చు. దానికి ఒక పాత అనుభవం కారణం. ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలలో, నేను పనిచేస్తున్న పరిశోధన క్షేత్రంలో వయ్యారిభామ నిర్మూలన వారం నిర్వహించాము. విద్యార్థులు, కూలీలు, సిబ్బంది కలిసి పొలాలలోని మొక్కలను పూతకు రాకముందే పీకి కుప్పలు వేశారు. ఆ కుప్పలను తూకం వేయించి, ఇన్ని క్వింటాళ్లు నిర్మూలించామని నివేదిక రాశాను. దానిని చదివిన పెద్దాయన ఒకరు నన్ను వెంటబెట్టుకొని గట్ల మీదుగా నడిపించి, ‘‘పీకినది ఎంతో రాశావు. మిగిలినది ఎంతో రాయలేదేమయ్యా?’’ అని అడిగారు. గట్ల మీద, బాట పక్కన, ప్రహరీ అవతల మొక్కలు పూతతో నిలబడి ఉన్నాయి. మరుసటి తొలకరికి పొలం మళ్లీ యథాస్థితికి వచ్చింది.

వీధి జంతువులకు సంతాన నిరోధక శస్త్రచికిత్సలు చేసే విదేశీ స్వచ్ఛంద కార్యక్రమాలపై గత మూడు దశాబ్దాలలో వెలువడిన పరిశోధనలను చదువుతున్నప్పుడు నాకు ఆ ప్రశ్నే పదే పదే గుర్తుకు వచ్చింది. ఒకే పద్ధతి ఒక చోట ఫలించి మరొక చోట ఎందుకు విఫలమైందో ఆ పరిశోధనలు స్పష్టంగా చూపుతున్నాయి. ఆ కారణాలు కలుపు యాజమాన్యం తెలిసిన వారికి కొత్తవి కావు. విస్తరణ శాస్త్రవేత్తలకు, విద్యార్థులకు ఉపయోగపడతాయన్న ఉద్దేశంతో వాటిని ఇక్కడ వివరిస్తున్నాను.

పద్ధతి, దాని పుట్టుక

మనుషుల మచ్చిక లేకుండా పెరిగిన పిల్లులను బోనులతో పట్టి, శస్త్రచికిత్స చేసి, తిరిగి పట్టిన చోటనే వదిలిపెట్టే పద్ధతి 1970వ దశకంలో బ్రిటన్, డెన్మార్క్ దేశాలలో రూపుదిద్దుకుంది. అమెరికాలో 1990లో వాషింగ్టన్ నగరంలో ఏర్పడిన ‘ఆలీ క్యాట్ అలైస్’ సంస్థ దీనికి విస్తృత ప్రచారం కల్పించింది. పిల్లులను పట్టి చంపడమే అంతవరకు అక్కడి సాధారణ విధానం. చంపిన కొద్దీ కొత్తవి వస్తూనే ఉండడం, చంపడాన్ని ప్రజలు ఇష్టపడకపోవడం ఈ పద్ధతి వ్యాప్తికి దోహదం చేశాయి.

శస్త్రచికిత్సలో ఆడ జంతువుకు సాధారణంగా అండాశయాలను, గర్భాశయాన్ని తొలగిస్తారు. మగ జంతువుకు వృషణాలను తొలగిస్తారు. మత్తులో ఉండగానే పిల్లి చెవి కొనను కొద్దిగా కత్తిరిస్తారు. శస్త్రచికిత్స అయిన పిల్లిని దూరం నుంచే గుర్తించడానికి ఇది ఉపకరిస్తుంది. కోడెలకు విత్తుకొట్టించడం తరతరాలుగా ఎరిగిన మన రైతులకు ఇందులోని సూత్రం తెలిసినదే. అయితే కోడె యజమాని చేతిలో ఉంటుంది. వీధి పిల్లికి యజమాని లేడు. కనుక దానిని పట్టడం, మోసుకురావడం, కోలుకునే వరకు చూడడం, తిరిగి వదలడం ఎవరో ఒకరు చేయాలి. స్వచ్ఛంద సేవకుల పాత్ర ఇక్కడే మొదలవుతుంది.

ఫ్లోరిడా రాష్ట్రంలోని గెయిన్స్‌విల్‌లో 1998 నుండి పనిచేస్తున్న ‘ఆపరేషన్ క్యాట్‌నిప్’ దీనికి మంచి ఉదాహరణ. ఒకే రోజున పెద్ద సంఖ్యలో పిల్లులను చేర్చుకొని, నమోదు, మత్తు, శస్త్రచికిత్స, టీకాలు, కోలుకోవడం అనే దశలుగా పనిని విభజించారు. ఒక్కొక్క దశను ఒక్కొక్క బృందం చూసుకుంటుంది. మచ్చిక లేని పిల్లిని చేత్తో పట్టనవసరం లేకుండా, బోనులో ఉండగానే మత్తుమందుల మిశ్రమాన్ని కండరంలోకి సూదితో ఎక్కిస్తారు. ఫ్లోరిడా విశ్వవిద్యాలయ పశువైద్య విద్యార్థులకు ఈ శిబిరాలు శస్త్రచికిత్సలో చేయి తిరిగే అవకాశం కల్పిస్తాయి.

జీవశాస్త్ర ప్రాతిపదిక

పిల్లి ఐదారు నెలల వయస్సుకే సంతానోత్పత్తికి సిద్ధమవుతుంది. చూలు కాలం సుమారు 65 రోజులు. పగటి కాలం పెరుగుతున్న రోజులలో ఎదకు వస్తుంది. కాబట్టి ఆ రుతువుకు ముందు చేసే శస్త్రచికిత్సలకు ఫలితం ఎక్కువ. పూతకు ముందు కలుపు తీయడంలో ఉన్న తర్కమే ఇది.

ఒక ఆడ పిల్లి, దాని సంతతి కలిసి ఏడేళ్లలో 4 లక్షల 20 వేల పిల్లులకు మూలమవుతాయన్న మాట ప్రచార పత్రాలలో తరచుగా కనిపిస్తుంది. పుట్టినవన్నీ బ్రతుకుతాయన్న ఊహపై వేసిన లెక్క అది. ఉత్తర కరొలినాలో మచ్చిక లేని పిల్లులపై జరిగి 2004లో ప్రచురితమైన పరిశీలనలో ఒక ఆడ పిల్లి ఏడాదికి సగటున 1.4 ఈతలు ఈనింది. ఈతకు మూడు పిల్లలు సాధారణం. పరిశీలించిన 169 పిల్లలలో 127, అంటే 75 శాతం, ఆరు నెలలు నిండకముందే చనిపోవడమో కనిపించకుండా పోవడమో జరిగింది. ఈ లెక్కన ఒక ఆడ పిల్లికి ఏడాదిలో పుట్టే నాలుగు పిల్లలలో సుమారు ఒక్కటే ఆరు నెలల వయస్సుకు చేరుతుంది.

ఈ అంకెకు రెండు అర్థాలున్నాయి. మొదటిది, ఈ జంతువుల బాధలో ఎక్కువ భాగం పసివయసు మరణాలదే. పుట్టుకలను ఆపడం ఆ బాధను ఆపడమే. రెండవది, మరణాల శాతం ఇంత ఎక్కువగా ఉన్న జనాభాలో పుట్టుకలు కొంత తగ్గితే, పుట్టినవాటికి ఆహారం, చోటు ఎక్కువగా దొరికి బ్రతికేవాటి శాతం పెరుగుతుంది. ఒత్తుగా మొలిచిన నారును పలుచన చేస్తే మిగిలిన మొక్కలు పుంజుకోవడం మనకు తెలుసు. లోటును పూడ్చుకునే ఈ స్వభావం వల్లనే కొద్దిపాటి శస్త్రచికిత్సలతో జనాభా తగ్గదు.

మగ జంతువులకు మాత్రమే శస్త్రచికిత్స చేస్తే సరిపోదా అని విద్యార్థులు అడుగుతుంటారు. కీటకశాస్త్రంలో చదివిన వంధ్య కీటకాల విడుదల పద్ధతి వారి మనసులో ఉంటుంది. ఎడ్వర్డ్ నిప్లింగ్ రూపొందించిన ఆ పద్ధతితో 1954లో క్యురసావ్ దీవిలో పశువుల గాయాలలో పెరిగే స్క్రూవార్మ్ ఈగను నిర్మూలించారు. ఆ ఈగలో ఆడది సాధారణంగా ఒక్కసారే జతకడుతుంది. వంధ్యమైన మగ ఈగతో జతకడితే దాని సంతానోత్పత్తి అంతటితో ముగిసినట్లే. అంతేగాక, సహజమైన మగ ఈగలను ముంచివేసేటంత సంఖ్యలో వంధ్య ఈగలను విడుదల చేస్తారు. ఆడ పిల్లి, ఆడ కుక్క ఒకే ఎదలో పలు మగవాటితో జతకడతాయి. గుంపులో ఒక్క మగ జంతువు మిగిలినా చూలు నిలుస్తుంది. అందుచేత ఈ కార్యక్రమాలలో ఆడ జంతువుల వ్యాప్తి శాతమే నిర్ణాయకం.

చిన్న పరిధి, విడువని కృషి

విజయాలు ముందుగా చూద్దాము. మసాచుసెట్స్ రాష్ట్రంలోని న్యూబరీపోర్ట్ రేవు ప్రాంతంలో 1992లో సుమారు 300 పిల్లులు ఉండేవి. స్వచ్ఛంద సేవకులు వాటిని పట్టి శస్త్రచికిత్స చేయించారు. మచ్చికయ్యే వాటిని పెంపకానికి ఇచ్చి, మిగిలినవాటిని అక్కడే వదిలి రోజూ మేత పెట్టారు. ఆ గుంపులోని చివరి పిల్లి 2009లో చనిపోయింది. పదిహేడేళ్లు పట్టిందన్నమాట.

సెంట్రల్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో 1991లో మొదలైన కార్యక్రమం ఇంకా వివరంగా నమోదైంది. పదకొండేళ్లలో అక్కడ మొత్తం 155 పిల్లులను గుర్తించారు. 1995 తరువాత ప్రాంగణంలో పిల్లలు పుట్టిన దాఖలా లేదు. 1996లో 68గా ఉన్న సంఖ్య 2002 నాటికి 23కు, అంటే 66 శాతం మేరకు, తగ్గింది. అయితే 155లో 47 శాతం పెంపకానికి ఇచ్చినవే. కొత్తగా వచ్చి చేరిన పిల్లులకు వెంటవెంటనే శస్త్రచికిత్స చేశారు. శస్త్రచికిత్స, పెంపకం, నిఘా అనే మూడింటి ఉమ్మడి ఫలితం ఇది. ఆ ఖ్యాతిని శస్త్రచికిత్సకు ఒక్కదానికే కట్టబెట్టడం సరికాదు.

తలుపు తెరచి ఉన్న నగరం

ఇటలీలో 1991 నాటి 281వ నంబరు చట్టం స్వేచ్ఛగా తిరిగే పిల్లులను చంపడాన్ని నిషేధించి, వాటికి ఉన్నచోటనే జీవించే రక్షణ కల్పించింది. రోమ్ నగరంలో ‘గత్తారె’ అని పిలిచే స్త్రీలు, ఇతర స్వచ్ఛంద సేవకులు పిల్లుల గుంపులను సాకుతుండగా, ప్రభుత్వ పశువైద్య విభాగం శస్త్రచికిత్సలు చేసింది. 1991 నుండి 2000 వరకు సుమారు 8,000 పిల్లులకు శస్త్రచికిత్స జరిగింది. 103 గుంపులను పరిశీలించగా, వాటిలో తగ్గుదల 16 నుండి 32 శాతం వరకు మాత్రమే కనిపించింది.

కారణం బయటి నుంచి వచ్చి చేరేవి. ప్రజలు వదిలిపెట్టినవి, తమంతట తాము వచ్చినవి కలిపి గుంపులలో వాటి వాటా సుమారు 21 శాతం. ఇంటి పిల్లుల సంతానోత్పత్తిని అదుపు చేసేలా ప్రజలను చైతన్యపరచకపోతే ఈ శ్రమ, ధనం, కాలం వృథా అని ఆ పరిశోధకులు నిర్మొహమాటంగా తేల్చారు. పొలంలో కలుపు తీస్తూ గట్టు మీది మొక్కలను విత్తనం రాల్చనిచ్చినట్లే ఇది.

ఒకే కౌంటీ, రెండు ఫలితాలు

కౌంటీ అంటే అమెరికాలో మన జిల్లా వంటి పాలనా విభాగం. కాలిఫోర్నియాలోని శాన్ డియాగో కౌంటీలోను, ఫ్లోరిడాలోని అలాచువా కౌంటీలోను జరిగిన శస్త్రచికిత్సల వివరాలను విశ్లేషించి 2005లో ఒక అధ్యయనం వెలువడింది. శాన్ డియాగోలో 14 వేలకు పైగా, అలాచువాలో 11 వేలకు పైగా పిల్లులకు శస్త్రచికిత్స జరిగింది. అంకెలు ఘనమైనవే. అయినా జనాభా వృద్ధి రేటులో గాని, పట్టిన ఆడ పిల్లులలో చూలువాటి శాతంలో గాని స్థిరమైన తగ్గుదల కనబడలేదు. జనాభా తగ్గాలంటే 71 నుండి 94 శాతం వరకు పిల్లులకు శస్త్రచికిత్స కావాలని ఆ అధ్యయనం అంచనా వేసింది. సేవకుల శ్రమ విస్తారమైన ప్రదేశంపై పలచగా పరచుకుపోయింది.

అదే అలాచువా కౌంటీలో తరువాత మరొక ప్రయత్నం జరిగింది. ఈసారి జంతు సంరక్షణ కేంద్రానికి పిల్లులు అధికంగా వచ్చే ఒక్క ప్రాంతాన్ని ఎంచుకొని, రెండేళ్లపాటు అక్కడే కేంద్రీకరించి 2,366 పిల్లులకు శస్త్రచికిత్స చేశారు. అక్కడి వీధి పిల్లులలో ఇది సుమారు 54 శాతమని అంచనా. ఆ ప్రాంతం నుండి సంరక్షణ కేంద్రానికి వచ్చే పిల్లుల సంఖ్య 66 శాతం తగ్గింది. కౌంటీలోని మిగిలిన ప్రాంతంలో తగ్గుదల 12 శాతమే. ఇక్కడ కొలిచినది కేంద్రానికి వచ్చే పిల్లుల సంఖ్యనే గాని వీధిలోని జనాభాను కాదన్న పరిమితిని విద్యార్థులు గుర్తుంచుకోవాలి. అయినా కేంద్రీకరణకున్న బలం స్పష్టమే.

దీనిని ఒక ఊహా లెక్కతో చూపవచ్చు. ఒక పట్టణంలో పది పేటలు, పేటకు వంద పిల్లులు ఉన్నాయనుకుందాము. ఏడాదికి 300 శస్త్రచికిత్సలకు మాత్రమే వనరులున్నాయి. పేటకు 30 చొప్పున పంచితే ప్రతిచోటా వ్యాప్తి 30 శాతమే. ఏ పేటలోనూ జనాభా తగ్గదు. ఒకదానికొకటి ఆనుకొని ఉన్న నాలుగు పేటలలోనే చేస్తే అక్కడ 75 శాతం పూర్తవుతుంది. నివేదికలో రెండు సందర్భాలలోనూ అంకె ఒకటే: 300.

రిషోన్ లెజియోన్ క్షేత్ర ప్రయోగం

పై పరిశీలనలన్నింటిలో ఒక లోపం ఉంది. పోల్చడానికి సరైన కంట్రోలు ప్లాటు లేదు. ఆ లోపాన్ని ఇజ్రాయెల్‌లోని రిషోన్ లెజియోన్ నగరంలో జరిగి, 2022లో ప్రచురితమైన పరిశోధన చాలా వరకు తీర్చింది. 20 చదరపు కిలోమీటర్ల నగర ప్రాంతంలో, 12 సంవత్సరాలపాటు సాగిన నియంత్రిత క్షేత్ర ప్రయోగమిది. మొదటి దశలో ఏ జోక్యమూ చేయలేదు. రెండవ దశలో కొన్ని ప్రాంతాలలో ముమ్మరంగా శస్త్రచికిత్సలు చేసి, మిగిలిన ప్రాంతాలను వదిలారు. మూడవ దశలో నగరమంతటా చేశారు.

రెండవ దశ ఫలితం మనకు ఆసక్తికరమైనది. ముమ్మరంగా శస్త్రచికిత్సలు జరిగిన ప్రాంతాలలో కూడా పిల్లుల సంఖ్య తగ్గలేదు. పక్క ప్రాంతాల నుండి పిల్లులు వలస వచ్చి ఉండడమే కారణమని పరిశోధకులు భావించారు. క్షేత్ర ప్రయోగాలలో మనం ‘సరిహద్దు ప్రభావం’ అనేది ఇదే. ప్లాటు చుట్టూ రక్షక వరుసలు ఎందుకు వేస్తామో తెలిసిన విద్యార్థికి ఇది వెంటనే అర్థమవుతుంది. మూడవ దశలో వ్యాప్తి 70 శాతం దాటి, నగరమంతటా అవిచ్ఛిన్నంగా సాగిన తరువాతనే జనాభా ఏడాదికి సుమారు 7 శాతం చొప్పున తగ్గసాగింది. ఈ వేగంతో జనాభా సగమవడానికి పదేళ్లు పడుతుంది. పైగా, సంతానోత్పత్తి, ఆయుర్దాయం పెరిగి ఆ తగ్గుదలకు కొంత అడ్డుపడినట్లు కూడా గమనించారు. శస్త్రచికిత్సతోపాటు ఆహార వనరుల నియంత్రణ, పెంపకానికి ఇవ్వడం వంటివి కలిపిన సమగ్ర విధానాన్ని పరీక్షించాలని పరిశోధకులు సూచించారు. సమగ్ర కలుపు యాజమాన్యం బోధించే వారికి ఈ ముగింపు పరిచితమే.

కుక్కలు, రేబిస్, భూటాన్

కుక్కల విషయంలో మానవ ప్రాణాలు కూడా ముడిపడి ఉన్నాయి. మనుషులకు సోకే రేబిస్‌లో అత్యధిక భాగం కుక్కల ద్వారానే వస్తుంది. దీనిని ఆపేది ప్రధానంగా టీకా. కుక్కలలో కనీసం 70 శాతానికి టీకా వేయాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు. శస్త్రచికిత్స టీకాకు బదులు కాదు, తోడు. వీధి కుక్కల ఆయుర్దాయం తక్కువ. టీకా పొందినవి చనిపోయి, టీకా లేని పిల్లలు పుట్టుకొస్తుంటే సాధించిన రక్షణ శాతం వేగంగా పడిపోతుంది. పుట్టుకలు తగ్గితే అదే రక్షణ ఎక్కువ కాలం నిలుస్తుంది. కుక్కలను విచ్చలవిడిగా చంపితే టీకా పొందినవి కూడా పోతాయి.

భూటాన్ 2009లో హ్యూమేన్ సొసైటీ ఇంటర్నేషనల్ సహకారంతో కుక్కల సంతాన నియంత్రణ, టీకాల కార్యక్రమాన్ని చేపట్టింది. చివరి దశలో దేశవ్యాప్త ఉద్యమంగా మార్చి, ‘దేసుంగ్’ అనే జాతీయ స్వచ్ఛంద సేవాదళాన్ని కూడా రంగంలోకి దించింది. వీధి కుక్కలన్నింటికీ శస్త్రచికిత్స పూర్తయిందని 2023 అక్టోబరులో ప్రకటించింది. మొత్తం లక్షన్నరకు పైగా కుక్కలకు శస్త్రచికిత్స జరిగింది. పెంపుడు కుక్కలకు గుర్తింపు చిప్‌లు అమర్చడం ఇందులో కీలకం. రోమ్‌లో తెరచి ఉండిపోయిన తలుపును ఇక్కడ మూయడానికి ప్రయత్నించారు. ప్రభుత్వం, విదేశీ సంస్థ, స్థానిక పశువైద్యులు, స్వచ్ఛంద సేవకులు ఒకే ప్రణాళిక కింద పద్నాలుగేళ్లు పనిచేయడం వల్లనే ఇది సాధ్యమైంది.

కొద్ది రోజుల కోసం విదేశాల నుండి వచ్చే పశువైద్య శిబిరాలను ఈ వెలుగులో బేరీజు వేయాలి. శిబిరం ముగిసి బృందం విమానమెక్కిన తరువాత కుట్లు చీలితే చూసేదెవరు? వచ్చే ఏడాది పుట్టే ఆడ పిల్లలను పట్టేదెవరు? స్థానిక పశువైద్యులకు శిక్షణ ఇచ్చి, పనిని వారి చేతిలో పెట్టిన కార్యక్రమాలే ఈ ప్రశ్నలకు సమాధానం చెప్పగలవు. బ్రిటన్‌కు చెందిన వరల్డ్‌వైడ్ వెటర్నరీ సర్వీస్ మన దేశంలో ఊటీ వద్ద పశువైద్యులకు శిక్షణ కేంద్రం నడపడం ఈ దిశలో జరిగిన కృషి.

పద్ధతి పనికిరాని చోట

శస్త్రచికిత్స అయిన పిల్లి పిల్లలను పెట్టదు గాని వేటాడడం మానదు. అమెరికాలో పిల్లులు ఏటా 130 కోట్ల నుండి 400 కోట్ల వరకు పక్షులను చంపుతున్నాయని, అందులో ఎక్కువ భాగం యజమాని లేని పిల్లుల పనేనని 2013లో వెలువడిన ఒక అంచనా. దక్షిణాఫ్రికాకు చెందిన మేరియన్ దీవికి 1940వ దశకం చివరలో ఎలుకల బెడద తీరుతుందని ఐదు పిల్లులను తీసుకువెళ్లారు. 1970వ దశకానికి అవి వేలకు పెరిగి సముద్ర పక్షులను తుడిచిపెట్టసాగాయి. వ్యాధి కారక వైరస్‌ను ప్రవేశపెట్టి, వేటాడి, 1991 నాటికి వాటిని పూర్తిగా తొలగించవలసి వచ్చింది. నేలపై గూడు కట్టే పక్షులున్న దీవిలో పదిహేడేళ్లు వేచి ఉండే వ్యవధి లేదు. పద్ధతి మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకు స్థలం తెలియకుండా సమాధానం లేదు. ఒకే కలుపు మందును అన్ని పైర్లకూ సిఫారసు చేయము కదా.

విస్తరణ శాస్త్రవేత్తలకు సూచనలు

పై అనుభవాల నుండి గ్రహించదగినవి ఇవి. పని మొదలుపెట్టే ముందే జంతువులను లెక్కించాలి. ప్రాంతానికి స్పష్టమైన హద్దులు గీయాలి. సహజమైన హద్దులున్న చిన్న ప్రాంతంతో మొదలుపెట్టి, ఆనుకొని ఉన్న ప్రాంతాలకు విస్తరించాలి. ఆడ జంతువులకు, ఎద రుతువుకు ముందు కాలానికి ప్రాధాన్యం ఇవ్వాలి. పెంపుడు జంతువులను కూడా కార్యక్రమంలో చేర్చాలి. చెత్త, ఆహార వ్యర్థాల పారవేతను సరిదిద్దాలి. లక్ష్యం చేరిన తరువాత కూడా కొత్తగా వచ్చేవాటిపై నిఘా మానకూడదు.

అన్నిటికన్నా ముఖ్యం నివేదిక రాసే తీరు. ఎన్ని శస్త్రచికిత్సలు జరిగాయన్నది మన శ్రమకు కొలత. శస్త్రచికిత్స కాని ఆడ జంతువులు ఇంకా ఎన్ని మిగిలాయి, ఈ ఏడాది కనిపించిన పిల్లలు ఎన్ని, బయటి నుండి వచ్చినవి ఎన్ని అన్నవి ఫలితానికి కొలతలు. ఈ వ్యత్యాసం జంతువులకే పరిమితం కాదు. పంచిన విత్తన సంచుల సంఖ్య, నిర్వహించిన శిక్షణల సంఖ్య, హాజరైన రైతుల సంఖ్య మన నివేదికలలో ఏటా నిండుగా ఉంటాయి. అవి లేకపోతే పని జరగలేదని అర్థం, నిజమే. అవి ఉన్నంత మాత్రాన ఫలితం వచ్చిందని అర్థం కాదు.

ముగింపు

తెల్లవారుజామున లేచి బోను పెట్టి, చలిలో కూర్చుని, జీతం లేకుండా ఏళ్ల తరబడి పనిచేసే స్వచ్ఛంద సేవకుల నిబద్ధతను ఈ పరిశోధనలేవీ తక్కువ చేయలేదు. ఆ శ్రమ ఎక్కడ, ఎంత సాంద్రతతో, ఎంత కాలం సాగాలో మాత్రం చెప్పాయి. ఫలితం రానప్పుడు విసిగిన ప్రజలు తిరిగి చంపడం వైపే మొగ్గుతారు. కనుక లెక్క తప్పితే నష్టపోయేది జంతువులే. నన్ను గట్ల మీద నడిపించిన పెద్దాయన అడిగిన ప్రశ్నను నేటికీ ప్రతి క్షేత్ర నివేదికకు ముందు నాకు నేనే వేసుకుంటాను. విద్యార్థులు కూడా దానిని అలవాటు చేసుకోవాలని కోరుతున్నాను: చేసినది సరే, మిగిలినది ఎంత?